పగులు లేని పొగగొట్టం

కొలిమి మేస్త్రీ శవం గాజు ఫ్యాక్టరీ గేటు దాటకముందే నోటీసు బోర్డు మీద కాగితం అతికించారు. మంట అతిగా పెంచడం వల్లే పొగగొట్టం కూలిందట, తప్పంతా చచ్చినవాడిదేనట. చదివినవాళ్లు తలలు వంచుకుని షిఫ్టుకి పోయారు. నేనూ పోయాను. ఆ మేస్త్రీ నా సొంత బావ.

నా సిగ్గుమాలినతనం నేనే చెప్పుకుంటున్నాను, వినండి. నేను గాజు గ్లాసుల మీద బొమ్మలు చెక్కేవాణ్ణి. ఫ్యాక్టరీకి పాతికేళ్లు నిండాయని కార్మికులకి ఇంటికి ఆరేసి గ్లాసులు పంచాలనుకున్నారు. వాటి మీద యంత్రపు పళ్లచక్రం, రైలు, మధ్యలో మా పొగగొట్టం. ప్రగతి చిహ్నాలట. చూసింది చూసినట్టు చెక్కడం నాకున్న రోగం. గొట్టం నడుముకి పెద్ద పగులుంది, దాన్ని రెండు ఇనప పట్టీలతో బిగించారు. అవి కూడా చెక్కాను.

మేనేజరు నమూనా గ్లాసుని వెలుగులోకి ఎత్తి చూసి నవ్వాడు. "ఇంట్లో అందానికి పెట్టుకునేదయ్యా ఇది. పగులెందుకు? తీసెయ్." వద్దన్న నమూనా అడుగున వజ్రపు మొనతో కొట్టివేత గీసి, తేదీ వేసి సంతకం చేయడం మా దగ్గర పద్ధతి. చేశాడు. నేను పగులు లేని గొట్టాన్ని వేల గ్లాసుల మీద చెక్కాను. నన్ను చెక్కుడు విభాగానికి పెద్దని చేశారు. కొట్టేసిన గ్లాసు మా ఇంటి అటకెక్కింది. ఆరు నెలలకి గొట్టం కూలింది.

యూనియన్ గదిలో సభ జరిగింది. రెండో గొట్టానికీ అలాంటి పట్టీలే ఉన్నాయి, సోమవారం దాని కింద కొలిమి వెలిగిస్తారు. చావడానికి మేమేం గొర్రెలమా అని గాజు ఊదేవాళ్లు లేచారు. పగులు సంగతి మేనేజరుకి తెలుసనడానికి రుజువేదని ప్యాకింగ్ ఆడవాళ్లు అడిగారు. రుజువు మా ఇంటి అటక మీదే ఉంది; నేను వెనక బెంచీలో ఇంకా వెనక్కి జరిగాను.

సభ అయ్యాక అక్క ఇంటికి వెళ్లాను. ఫ్యాక్టరీ పంచిన గ్లాసులోనే మంచినీళ్లిచ్చింది. మా బావమరిది పనితనం చూడండని బావ వచ్చినవాళ్లందరికీ చూపించేవాడట. దాన్నే చూస్తూ అడిగింది.

"గొట్టానికి పట్టీలున్నాయని ఆయన రోజూ చెప్పేవాడు. ఇందులో లేవేంరా?"

నాకు తల కొట్టేసినట్టయింది. అంతా చెప్పేశాను. అక్క ఏడవలేదు, తిట్టలేదు.

"ఆ సంతకమున్న గ్లాసు తీసుకురా. నాకు కాదు, అందరికీ చెప్పు."

సోమవారం గేటు ముందు చెప్పాను. గ్లాసు చేతులు మారుతూ పోయింది. అందరూ అడుగున తేదీ చదివారు. ముసలి ఊదుడు మేస్త్రీ నా కాళ్ల ముందు ఉమ్మేశాడు. తర్వాత ఇంటికెళ్లి తన ఆరు గ్లాసులూ తెచ్చి నా ముందు పెట్టాడు.

"పగులు చెక్కు. దీనికీ, దీనికీ, అన్నిటికీ."

ఇంటింటి నుంచీ గ్లాసులొచ్చాయి. గేటు ముందు వరస కట్టారు. లోపలికి ఒక్కరూ పోలేదు, కొలిమి వెలగలేదు. నేను నేల మీద కూర్చుని చెక్కుతూనే ఉన్నాను. మధ్యాహ్నానికి పోలీసులొచ్చి నన్నూ, సంతకమున్న గ్లాసునీ వ్యానెక్కించారు.

వ్యాను కదిలేటప్పుడు వెనక్కి చూశాను. నా చోట అక్క కూర్చుంది. నేను వదిలేసిన వజ్రపు మొన పిడికిలితో పట్టుకుని వంకరటింకరగా గీస్తోంది. వరసలో ఒక్కరూ కదల్లేదు.