డివైడర్ అవతల పలాస

చేపయినా ఎదురీదుకుంటూ పోతుంది గానీ ఈ ఆటో పోలేదు కదా అనుకుంది చిన్నమ్మి, పలాస ఉత్తరాన ఉంటే బండేమో టెక్కలి వైపు పరుగెడుతోంది, కాలనీ ఎదురుగా డివైడర్ మూసేసిన దగ్గర్నుంచీ ఇదే వరస, నాలుగు కిలోమీటర్లు వెనక్కి పోయి, అక్కడ తిరిగి, అవతలి పక్కనుంచి మళ్లీ తమ ఇంటి ముందుకే రావాలి, పక్కన మొగుడు అసిరయ్యకి ఒళ్లంతా నీరు పట్టేసింది, కాలిమీద వేలు పెడితే గుంట అలాగే ఉండిపోతోంది, ఎనిమిదికల్లా డయాలసిస్ మంచం ఎక్కకపోతే ఇంకొకరిని ఎక్కించేస్తారు, సోమవారం అలాగే అయింది, అప్పట్నుంచి పడుకుంటే ఊపిరాడక గోడకి జేరబడే ఉన్నాడు, మోసుకుని దాటిద్దామంటే నడుమెత్తు గోడ, ఇటూ అటూ లారీలు, బేగి పోనియ్ నాయినా అంటే, ఇదేటి ఇమానమేటి మామ్మా ఎగిరిపోడానికి, అంటాడు ఆటో తోలుతున్న ఢిల్లేశ్వరరావు, వీడికి బొడ్డు కోసింది తనే, పుట్టినప్పుడూ ఇంత నోరే.

ఇదిగో డివైడర్‌లో తిరిగే దారి వచ్చింది, ఒక్క ఇల్లు లేదు, రాళ్లు పాతి జెండాలు కట్టిన ప్లాట్లు, మేకలు తిరుగుతున్నాయి, మేకలకేటి పలాసలో పని, పంచాయతీ సెక్రటరీ దమయంతి వెంట రోడ్డాఫీసుకి పోయినప్పుడు ఆ పిల్ల కాలనీ పట్టాలు చూపించింది, నూటిరవై ఇళ్లు సార్ అంది, అక్కడి ఆఫీసరేమో తన మ్యాపు పరిచాడు, ఇక్కడ జీడితోటే ఉందమ్మా, తోటకి దారెందుకు వదుల్తాం, సర్వేలో ఊరోళ్లు చెప్పిందే రాశాం, మమ్మల్ని అడగలేదు కదా సార్, మీరు ఈ కాయితాలు పంపలేదు కదా, కుళాయి దగ్గర బిందెల తగువులా వాళ్లిద్దరూ వాళ్లిద్దరే, మధ్యలో తనెవరికీ కనబడలేదు.

ఊరోళ్లు చెప్పిందే, ఏ ఊరోళ్లు, టోపీ పెట్టుకున్న సర్వే బాబు ఎండనపడి వచ్చి మంచినీళ్లడిగాడు ఒకసారి, చెంబిచ్చింది, తాగి, ఈ పాకల్లో ఎవరుంటారమ్మా అన్నాడు, అంతకు నెల ముందే తోడబుట్టిన అప్ప ఇంటి గోడకి ఎర్రరంగు గీసి రోడ్డుకని కూల్చేశారు, ఇక తన ఇంటి వంతేననుకుంది, జీడిపిక్కలు ఆరబెట్టుకోడానికేసుకున్నాం బావూ, మనుసులెవులూ ఉండరు, అంటూనే పొయ్యిమీది గంజికుండ చీరకొంగు చాటు చేసింది, ఆయన రాసుకున్నాడు, ఇల్లు నిలబెట్టానని ఆ సాయంత్రం అసిరయ్యతో చెప్పుకుంటే ఎంత నవ్వాడు, చేపల పులుసుతో రెండుసార్లు వడ్డించుకున్నాడు.

ఎనిమిదీ పది అయిపోనాది మామ్మా, అన్నాడు ఢిల్లేశ్వరరావు, ఈసారి నోట్లో వెటకారం లేదు, బండి కాలనీ ఎదురుకొచ్చింది, అసిరయ్య మెడ తిప్పి గోడ మీదుగా చూశాడు, ఓలె, అది మనిల్లు కాదేటి, అవునందామని చిన్నమ్మి నోరు తెరిచింది, అక్కడ మనుషులెవరూ ఉండరని చెప్పిన నోరు ఇదే.