తలమీది అంకెకు కొసరు

కోయిలకుంట్లలో కేశవయ్య విత్తనాల అంగట్లో ఆ పొద్దు నాకు ఒళ్ళు మండింది. వాన పడి నాలుగు రోజులైంది. పదును ఆరకముందే, రేపే శనగ విత్తాలి. పోయినేడు వేర్లకు బుడిపెలు పట్టక పంట సగానికి సగం పోయింది. అందుకే విత్తనానికి బెల్లంనీళ్లతో పట్టించే రైజోబియం సూక్ష్మజీవుల పొడి మంచిది చూసి తెమ్మని మా నాయన సుందరం నన్ను పంపాడు. లెక్కల టీచరును కదా, మోసపోనని ఆయన నమ్మకం.

నేనడిగిన పొట్లం మీద గ్రాముకు 5 × 10⁸ సూక్ష్మజీవులని ఉంటుంది. కేశవయ్య ఇచ్చినదాని మీద 5 × 10⁷ అని ఉంది.

"ఇది కాదన్నా, ఎనిమిదిది కావల్ల."

"అయిపోయిందమ్మా. రెండింట్లో ముందర అయిదే ఉండాది కదా! తలమీద ఒక్కటే తక్కువ. అంతదానికేమి?"

ఒక్కటేనట! మా పిల్లలు ఇట్లా రాస్తే గోడకుర్చీ వేయిస్తాను. ఈయన్నేం చేయాలి? మొహాన నవ్వు పులుముకున్నాను.

"నీ అంగట్లో కొసరు లేకుండా ఎవురూ పోరు కదన్నా. ఆ తక్కువైంది కొసరెయ్యి, తీసుకపోతా."

"ఓ, దాందేముంది! అందరి ముందర చెప్తాండా, ఏస్తా," అంటూ ఇంకో పొట్లం తోశాడు.

"ఇంకా ఎనిమిది ఏయల్ల."

"ఏందీ?"

"తలమీద ఏడంటే ఒకటి పక్కన ఏడు సున్నాలు, కోటి. దీండ్ల ఐదు కోట్లుండాయి. ఎనిమిదిదాండ్ల యాభై కోట్లు. దాని సాటి రావాలంటే ఇవి పది కావల్ల. నాకు నాలుగు పొట్లాల పని. నలభై తియ్యన్నా!"

కేశవయ్య బిల్లుల బల్ల దగ్గరున్న కూతురి వైపు తిరిగాడు. రమ్యశ్రీ కడపలో డిగ్రీ చదువుతోంది.

"నిజమే నాన్నా. నలభై ఈయల్ల," అంది, ఫోన్లోంచి తలెత్తకుండానే.

నా వెనక నిలబడ్డ రైతు గిడ్డయ్య ఎగిరి గంతేశాడు. "నాకూ అదే కొసరప్పా!"

కేశవయ్య చెమటలు తుడుచుకుంటూ లోపలికి పోయి నాలుగు పొట్లాలు తెచ్చాడు. అన్నీ ఎనిమిదివే.

"అయిపోయినాయంటివే?"

"మా చేనుకని ఎత్తిపెట్టుకున్యాలే తల్లీ."

అంటే తేడా ఎంతో ఈ పెద్దమనిషికి ముందే తెలుసు! లెక్క రాదనుకున్నందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

"రమ్యా, లోపల ఇంకెన్నుండాయి?"

"ఆరు, టీచర్."

"అవి గిడ్డయ్యకియ్యి."

కేశవయ్య నోరు తెరిచేలోగా రమ్యశ్రీ బిల్లు రాసేసింది. నేను నాలుగు పొట్లాలూ సంచిలో వేసుకుని ఆటో ఎక్కాను. మరుసటి పొద్దున మా చేన్లో విత్తనం గొర్రు కదిలింది.