పియానోకి వదిలిన చోటు

సోమవారం మా ఊళ్ళో బట్టల రోజు. నది మీద మంచు విడిచేసరికి ప్రతి ఇంటి పెరట్లోనూ దుప్పట్లు, పనిబట్టలు, పిల్లల చొక్కాలు తీగల మీదికి ఎక్కేస్తాయి. ఆ సోమవారం కూడా అంతే. కాకపోతే మా ఊరి గిటారువాడు ఆర్వెల్ పెట్‌వే మెంఫిస్ నగరం ఆస్పత్రిలో కన్నుమూసిన దగ్గర్నుంచి ఊళ్ళో బట్టల తీగలన్నీ అతని గిటారు పాటలు వాయిస్తున్నాయి కనుక ఆడవాళ్ళకి పని కాస్త ఆలస్యమైంది. పాట జోరందుకున్నప్పుడల్లా తీగ ఊగి తడిబట్టలు జారిపోతున్నాయి.

"బతికుండగా మనల్ని కుదురుగా నిలబడనిచ్చాడు కాదు, పోయాక బట్టలు ఆరనివ్వడం లేదు," అంది ఒఫీలియా, కిందపడ్డ చొక్కా దులుపుతూ.

కంచె అవతల ఉన్న ఎర్నెస్టీన్‌కి వినపడాలనే అంది. ఎర్నెస్టీన్ ఆర్వెల్‌కి స్వయానా అక్క. అప్పటికే ఎనభై దాటిన మనిషి, చర్చిలో పియానో వాయిస్తుంది. ఆ వారం ఆమె తన తడిబట్టలు వంటింట్లో కుర్చీల మీద ఆరేసుకుంది.

ఆర్వెల్ పేరు మాకంటే బయటివాళ్ళకే ఎక్కువ తెలుసు. గిటారు పాట వెనకాల నక్కి ఉండేది కాదు, ముందుకొచ్చి మాట్లాడేది అని పంతొమ్మిదివందల ఏభైల్లో లోకానికి చూపించిన కొద్దిమందిలో మావాడొకడు. సముద్రం అవతల కుర్రాళ్ళు అతని రికార్డులు అరగదీసి విని, అతనిలా పలకాలని తమ గిటారు తీగలు కొంచెం వదులు చేసుకునేవాళ్ళట. ఎందుకు వదులు చెయ్యాలో వాళ్ళలో ఒక్కడికీ తెలియదు.

చిన్నప్పుడు అక్కాతమ్ముళ్ళిద్దరూ కలిసే వాయించేవాళ్ళు. వాళ్ళ నాన్న చర్చిలో పెద్ద. ఒక ఈస్టరు ఆదివారం ఆర్వెల్ గిటారు తెచ్చి అక్క పియానో పక్కన నిలబడి వాయించాడు. జనం బెంచీల మీంచి లేచి ఊగిపోయారు. అప్పటి పాస్టరు మండిపడి, ఈ సైతాను సరుకు లోపలికి ఎవరు రానిచ్చారని అడిగాడు. నాన్న తల దించుకున్నాడు. నాన్న పరువు చూసుకుని ఎర్నెస్టీన్ అందరి ముందూ లేచి నిలబడింది. "వాడి గిటారూ నా పియానో ఒక్క కప్పు కింద ఉండవు," అంది. ఆర్వెల్ గిటారు భుజానేసుకుని బస్సెక్కాడు. ఆ తర్వాత తల్లి చావుకీ తండ్రి చావుకీ వచ్చాడు, చర్చి బయటే నిలబడి వెళ్ళిపోయాడు. అక్క రమ్మని ఒక్క మాటంటే చాలు, అతను లోపలికి వచ్చేవాడు. ఆ మాట ఆమె అనలేదు. తమ్ముడు పేరొచ్చాక తనని మరిచిపోయాడని, ముందు వాడే దిగిరావాలని ఆమె పట్టుదల.

శనివారం అంత్యక్రియలు. పెద్దపెద్ద వాయిద్యగాళ్ళు వస్తున్నారని, టీవీవాళ్ళు వస్తున్నారని కబురు. మంగళవారం ఎర్నెస్టీన్ పాస్టరు దగ్గరికి వెళ్ళింది.

"పాస్టరుగారూ, ఆ పియానో శ్రుతి చేయించండి. వచ్చినవాళ్ళ ముందు నవ్వులపాలవుతాం."

"నేనెన్నిసార్లు మొత్తుకున్నా వద్దన్నారు కదమ్మా. ముసలి గొంతులకి ఇదే హాయి అన్నారు."

"అప్పుడు వినేది మనమే. ఇప్పుడు పరాయివాళ్ళు వింటారు."

ఆ పియానో ఎర్నెస్టీన్ పుట్టకముందు వరద నీళ్ళలో నానింది. అప్పట్నుంచి దాని శ్రుతి దిగిపోయింది. అసలు స్వరానికి దిగువన, పక్క స్వరానికి ఎగువన, ఏ స్వరానికీ చెందని చోట నిలిచిపోయింది. మా ఊరి చెవులన్నీ దానికే అలవాటుపడ్డాయి. గురువారం మెంఫిస్ నుంచి శ్రుతి చేసేవాడొచ్చి, పొద్దున్నించి సాయంత్రం దాకా తంటాలు పడి, దాన్ని లోకమంతా ఉన్న శ్రుతికి లాగి కట్టి వెళ్ళాడు. పియానో కొత్తపెళ్ళికూతురిలా మోగింది.

శుక్రవారం మధ్యాహ్నం క్లియోటిస్ వచ్చాడు. ఆర్వెల్ వెనక జీవితమంతా బేస్ గిటారు వాయించిన మనిషి. ఎర్నెస్టీన్ వసారాలో కూర్చోబెట్టి వెన్న కేకు, చల్లటి తీపి టీ ఇచ్చింది. అతను తినడం ఆపి, ఒఫీలియా పెరటి తీగ వాయిస్తున్నది విన్నాడు.

"అదే శ్రుతి. పోయాక కూడా మార్చుకోలేదు, మొండిఘటం."

"వాడికి శ్రుతి చేసుకోవడం ఎప్పుడొచ్చిందిలే," అంది ఎర్నెస్టీన్.

క్లియోటిస్ ఆమె వంక వింతగా చూశాడు. "అక్కా, నువ్వు వాడి రికార్డు ఒక్కటైనా విన్నావా?"

"మా ఇంట్లో అవి మోగవు."

"అయితే నీకు తెలియదన్నమాట. వాడి గిటారు మీ చర్చి పియానో శ్రుతికే ఉండేది. జీవితమంతా. ఏ స్టూడియోకి పోయినా ఇదే గొడవ. అక్కడి పియానో మాతో కలవదు. గిటారు కాస్త పైకి కట్టరా బాబూ అని స్టూడియోవాళ్ళు బతిమాలేవాళ్ళు. వీడు వింటేగా! పియానో వాయించేవాడినే ఇంటికి పంపేసేవాడు. మా పాటల్లో ఒక్కదాంట్లోనూ పియానో లేదు తెలుసా? ప్రతి పాటలోనూ మధ్యలో వాడు కాసేపు ఆగిపోయేవాడు, నేనూ డ్రమ్ముల కుర్రాడూ ఊరికే నడిపించేవాళ్ళం. ఈ ఖాళీ ఎవరికిరా అంటే, 'పియానో ఆవిడ వస్తుంది, రాగానే కూర్చోవాలి కదా' అనేవాడు. ఎవరో ప్రియురాలనుకుని ఏడిపించేవాళ్ళం."

ఎర్నెస్టీన్ చేతిలో గ్లాసు కింద పెట్టింది. తర్వాత లేచి, క్లియోటిస్‌ని చర్చికి తీసుకెళ్ళింది. అతను కిటికీ తెరిచి, బయటి తీగల మోత వింటూ, పియానో మెట్టు ఒకటి నొక్కాడు. రెండు శబ్దాలూ ఒకదాన్నొకటి కొరుక్కున్నాయి.

"దీన్ని ఎవరు ముట్టుకున్నారు?"

"నేనే చేయించాను," అంది ఎర్నెస్టీన్. "పరాయివాళ్ళు నవ్వుతారని."

పాస్టరుగారి గదిలోంచి మెంఫిస్‌కి ఫోన్ చేశారు. శ్రుతి చేసేవాడు జాలిగానే మాట్లాడాడు. ఆ తీగలు ముసలివైపోయాయని, ఇప్పుడే బిగించినవాటిని మళ్ళీ వదులు చేస్తే ఎక్కడా నిలవవని, కుదురుకోవడానికి నెలలు పడుతుందని చెప్పాడు. పక్క మెట్లకి జరిగి వాయించినా ఆ శ్రుతి దొరకదు, ఎందుకంటే అది ఏ మెట్టు మీదా లేదు. ఎర్నెస్టీన్ ఫోన్ పెట్టేసి ఏడ్చింది. తమ్ముడు పోయాడన్న కబురొచ్చినప్పుడు ఏడవలేదు.

శనివారం చర్చి కిటకిటలాడింది. ఎండకి కిటికీలన్నీ బార్లా తెరిచారు. బయటూరి అతిథుల కోసం ఉతికిన దుప్పట్లు ఇళ్ళ వెనకాల తీగల నిండా ఉన్నాయి. వాళ్ళమ్మ వంటింట్లో పాడుకునే పాటొకటి ఎర్నెస్టీన్ మొదలుపెట్టింది. వెంటనే బయట తీగలన్నీ అందుకున్నాయి, ఇన్నాళ్ళూ దానికోసమే కాచుకుని ఉన్నట్టు. రెండూ కలవలేదు. ఆ అపశ్రుతికి ముందు వరసలో పెద్ద వాయిద్యగాళ్ళు మొహాలు చిట్లించారు. ఎర్నెస్టీన్ చేతులు ఆగిపోయాయి. బయట కూడా ఆగిపోయింది.

ఆమె శవపేటిక వైపు తిరిగింది.

"ఆర్వెల్, నేను నీ శ్రుతికి రాలేను రా. దారి నేనే మూసుకున్నాను. తప్పు నాది."

ఆమె మళ్ళీ పియానో వైపు తిరిగి మొదటి స్వరం ఒక్కటే నొక్కి, వేలు ఎత్తకుండా ఉంచింది. బయట తీగలు నెమ్మదిగా పైకి రావడం మొదలుపెట్టాయి. గుంజలు కిర్రుమన్నాయి. నేలకి వేలాడుతున్న దుప్పట్లు మోకాలెత్తుకి లేచాయి, నడుమెత్తుకి లేచాయి. జీవితంలో ఎవరు బతిమాలినా మారని శ్రుతి అది, అక్క వేలి కింద స్వరం దాకా ఎక్కి వచ్చింది. అక్కడ రెండూ ఒకటయ్యాయి.

ఆ పాట వాళ్ళిద్దరూ మొత్తం వాయించారు. క్లియోటిస్ చేత్తో బెంచీ మీద తాళం వేస్తూ పసిపిల్లాడిలా ఏడ్చాడు. చివరి చరణంలో ఒఫీలియా పెరటి తీగ మొదట తెగింది. తర్వాత దాని పక్కది, ఆ పక్కది, నది ఒడ్డు దాకా ఒక్కొక్కటే. పాట అయిపోయేసరికి మా ఊళ్ళో ఒక్క తీగా మిగల్లేదు.

అంత్యక్రియల విందు వదిలేసి ఆడవాళ్ళు మట్టిలో పడ్డ దుప్పట్లు ఏరుకున్నారు. ఎవరూ సణగలేదు.

"ఒక్క పాటైనా దక్కింది కదా అక్కా," అంది ఒఫీలియా.

"ఒక్కటే దక్కింది," అంది ఎర్నెస్టీన్. "వాడు అన్ని పాటల్లో చోటుంచాడు."

సోమవారం కొత్త తీగలు కట్టుకున్నాం. అవి వట్టి తీగలు, గాలికి కూడా పెద్దగా మోగవు. ఎర్నెస్టీన్ ఆదివారాలు వాయిస్తూనే ఉంది. కాకపోతే ఇప్పుడు ప్రతి పాట మధ్యలోనూ కుడిచెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంటుంది. ఎడమచేత్తో ఊరికే నడిపిస్తూ, కిటికీ వైపు చూస్తూ, ఒక మనిషి వచ్చి వాయించి వెళ్ళేంత సేపు ఆగుతుంది. కొత్తగా వచ్చినవాళ్ళు పాపం ముసలావిడకి చెయ్యి నొప్పి కాబోలు అనుకుంటారు. మేం కాదని చెప్పం.