పొలిమేర నడక

మా కళ్లముందే దొర మనుషులు మా ఊరి తబితా ఆవును ఈడ్చుకుపోయి బందెలదొడ్డిలో కట్టేశారు. ఉమ్మడి బీడులో మేసిందట, అదీ నేరం. బీడు ఇప్పుడు దొరదట. లండన్‌లో చట్టం చేశారట. చుట్టూ కంచె కూడా లేచింది.

మా మార్ల్‌స్టెడ్ ఊరి కూలోళ్లకి ఆ బీడు తప్ప ఏముంది? పొయ్యిలోకి పుల్లలూ పిల్లలకు పాలూ అక్కడివే. అర్జీ పెట్టాం. దొర విప్పి చూడలేదు. చర్చి గదిలో జరిగే ఊరి సభకు వెళ్లాం. పాదిరి గుమ్మంలోనే ఆపేశాడు.

"పన్ను కట్టేవాళ్లకే ఇక్కడ నోరు."

మళ్లీ అర్జీ. గడ్డికోతలు వచ్చాయి, పోయాయి. చలికాలంలో తడిసిన తుక్కు కాల్చుకుని దగ్గుకుంటూ పడున్నాం.

ఏటా మే నెలలో ఊరంతా పాదిరి వెంట పొలిమేర చుట్టి వస్తుంది. తాతలనాటి ఆచారం. ఆ ఏడు పాదిరి ప్రకటించాడు: "నడక లేదు. కంచెలు అడ్డమొస్తాయి."

చర్చి బయట గొడవ మొదలైంది. ఇళ్లకు గడ్డి కప్పే జోబ్ అన్నాడు, "కోర్టుకి పోదామక్కా."

తబితా కస్సుమంది. "ఏ కోర్టుకిరా? అక్కడ తీర్పు చెప్పేది కూడా దొరే కదా! చాలు, అడుక్కున్నది. పదండి, నడుద్దాం. మా నాయన నడిచిన దారినే నడుద్దాం."

నూటిరవైమందిమి నడిచాం. కంచె దగ్గర దొర గుమాస్తా చేతులు చాపి నిలబడ్డాడు. "ఇది దొరగారి భూమి!"

"మీ భూమి మాకెందుకండీ, దాటిపోతున్నాం అంతే," అన్నాడు జోబ్. జనం గొల్లున నవ్వారు. తబితా మొదటి గుంజ పీకింది. మూడోది నేను పీకాను, అరచెయ్యి చీరుకుపోయింది. మధ్యాహ్నానికి అరమైలు కంచె నేలకూలింది.

అప్పుడొచ్చారు గుర్రాల మీద సిపాయిలు. తబితానీ జోబ్‌నీ కట్టి తీసుకుపోయారు. ఆమెకు రెండేళ్ల జైలు. అతనికి ఏడేళ్ల ద్వీపాంతర శిక్ష వేసి, ఓడెక్కించి సముద్రాలు దాటించారు.

కంచె తిరిగి వెయ్యడానికి దొర కూలి పెంచుతానన్నాడు. మాలో ఒక్కడూ పోలేదు. పక్క జిల్లా నుంచి మనుషుల్ని తెచ్చి వేయించాడు. వారంలో కంచె యథాప్రకారం! ఏడుపొచ్చింది, కోపమొచ్చింది.

ఆ ఆదివారం చర్చిలో పాదిరి నోరు తెరవకముందే జోబ్ భార్య కెజాయా లేచి బయటికి నడిచింది. వెనకే బెంచీలన్నీ ఖాళీ అయ్యాయి. అందరం పొలిమేర దారి పట్టాం.

గుమాస్తా దారికి అడ్డంగా పరిగెత్తుకొచ్చాడు. "ఏడాదికి ఒక్కసారే కదే మీ నడక! అయిపోయిందిగా!"

కెజాయా ఆగలేదు. "అది నిరుటిదాకా. ఇక వారం వారం," అంది.