బండారి కింద అంకె

మా తమ్ముడు బిచ్చయ్య పోయిన మూడో నెలలో, వాడు నడిపిన కారు ఇంజను మీద ఒక మాట పుట్టింది.

వాడు వికారాబాదులో చంద్రశేఖర్ పటేలు దగ్గర డ్రైవరు. జ్వరంతో వాడు పోయాక, పటేలు ఆ పాత విలాయతి కారును తాండూరు బండల వ్యాపారి జనార్దన్‌కు అమ్మాడు. కాగితంలో ఇంజను నంబరు చివర ఎనిమిది ఉంది, ఇంజను మీద మూడు ఉంది అని జనార్దన్ కబురు పెట్టాడు. అసలు ఇంజను డ్రైవరే అమ్ముకుని వేరేది బిగించాడని బజారులో అన్నారు. ఆ మాట విని మా అమ్మ కాశమ్మ కంచం ముందు నుంచి లేచిపోయింది.

నేను బడి పంతులును. ఆదివారం సెలవు చూసుకుని రైలెక్కి తాండూరు వెళ్లాను.

కారు జనార్దన్ షెడ్డు ముందే ఉంది. "రా పంతులూ. నీ తమ్ముడు మంచోడే కావచ్చు. గని అంకె అబద్ధమాడుతదా?"

"ఆడదు సేటూ. జర బానెట్ లేపుండ్రి."

నంబరు మీద పసుపు గట్టిపడి ఉంది. మాది గొర్ల కాపరుల ఇల్లు. పండుగనాడు గొర్రెలకు బండారి, అంటే బీరప్ప దేవుని పసుపు, పెడతాం. బిచ్చయ్యకు మంద లేదు. ఏటా దసరాకు ఈ నంబరుకే పెట్టేవాడు. ఆయిలు తాగి, వేడికి మాడి, అది పెచ్చు కట్టింది.

వాడొకసారి నాకు ఆ నంబరు చూపించాడు. "చూడన్నా. ఫ్యాక్టరీల అన్ని అంకెలు సక్కగ కొట్టిండ్రు. గీ ఎనిమిది కాడ సుత్తె ఒరిగింది. కుడిదిక్కు లోతు, ఎడమదిక్కు ఉత్త గీత. వెయ్యి ఇంజన్లల్ల కలిపినా దీన్ని పట్టుకుంట. గొర్రె చెవికి గుర్తుగ పెట్టిన గాటు లెక్క."

"గొర్లను ఇడిచినా గొర్ల బుద్ధి పోలేదురా నీకు."

"గది గూడ పోతే నేనే తప్పిపోత గదనే," అని నవ్వాడు.

ఆ ఎడమవైపు గీత పసుపు కింద పూడిపోయింది. కుడివైపు లోతు మిగిలి మూడులా కనిపిస్తోంది. తుడిస్తే తేలిపోతుంది. కానీ ఆ పసుపు వాడి వేలు పెట్టింది. అందులో వేలిముద్ర కూడా కనిపిస్తోంది. నా చెయ్యి ఆగింది.

"ఏమైంది పంతులూ, భయమైతుందా?"

"జర గ్యాసునూనె ఇయ్యిండ్రి."

జనార్దన్ గుడ్డ కూడా ఇచ్చాడు. గుడ్డ తీసుకోలేదు. కిరసనాయిలు అద్దిన బొటనవేలితోనే రుద్దాను. పసుపు మెల్లగా కరిగింది. దాని కింద సన్నటి గీత కనిపించింది. జేబులోని తెల్ల కాగితం దాని మీద పరిచి, పిల్లలు రూపాయి బిళ్ల మీద చేసినట్టు పెన్సిలును అడ్డంగా రుద్దాను. కాగితం మీదికి ఎనిమిది వచ్చింది. ఒరిగిన ఎనిమిది.

జనార్దన్ దాన్ని వెలుతురుకు పట్టి చూశాడు. "తప్పైంది పంతులూ. బజార్ల నేనే చెప్త." కాగితం తిరిగి ఇస్తూ అడిగాడు, "దసరాకు మళ్ల పెట్టాల్నా గిది?"

"పెట్టుండ్రి. గని అంకె ఇడిచి పక్కకు పెట్టుండ్రి."

బిచ్చయ్య బతికున్నప్పుడు, ఇంటికి రాగానే అమ్మ రోజూ అరిచేది: "గా ఆయిలు చేతులతోని గిన్నె ముట్టకు. కడుక్కో పో."

ఆ సాయంత్రం నేను కాగితం చాపాను. అమ్మకు చదువు రాదు. కాగితం వదిలి నా చెయ్యి పట్టుకుంది. గోటి సందులో పసుపు ఉంది. ముక్కు దగ్గరికి తీసుకుని ఆ ఆయిలు వాసన పీల్చింది.

"ఎనిమిదేనా?"

"ఎనిమిదేనమ్మా."

నాకు అన్నం పెట్టింది. తన కంచం కూడా తెచ్చుకుని ఎదురుగా కూర్చుంది. చేతులు కడుక్కోమని మాత్రం అనలేదు.