బెంచీకి కూడా టికెట్టా!

చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని, గిన్నెలు తోముతూ, కొరీన్ చాలాసేపటిగా అదే పాట వింటోంది. ఓర్లాండో వినోదాల పార్కువాళ్ళు ఫోనెత్తే మనిషి దొరికేదాకా వినిపించే పాట అది. ఆమెకు కావలసింది ఒక్క మాట: తగ్గింపు ధరకు టికెట్లిస్తామంటున్న ఆ కంపెనీకి పార్కు నిజంగా అనుమతి ఇచ్చిందా, లేదా?

"ఇంకా అవలేదా నీ దర్యాప్తు?" అన్నాడు భర్త వేడ్, ఫ్రిజ్‌లోకి తొంగిచూస్తూ. "ఎవడి దగ్గర కొంటే ఏంటి? టికెట్టు టికెట్టేగా."

ఆ మాట అన్నది వేడ్ కాబట్టి కొరీన్‌కు నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది. కిందటిసారి ఒహాయో నుంచి కార్లో వెళ్ళినప్పుడు, హైవే పక్కన గుడారం వేసుకున్నవాడి దగ్గర ఎవరో సగం వాడేసిన టికెట్లు కొన్నాడు ఈ మహానుభావుడు. పార్కు గేటులో టికెట్టుతోపాటు యంత్రం మీద వేలు పెట్టాలి. మొదట ఎవరి వేలు పడితే ఆ టికెట్టు వాళ్ళదే. ముక్కూ మొహం తెలియనివాళ్ళ టికెట్లు వీళ్ళ వేళ్ళకెందుకు తెరుచుకుంటాయి? ఎర్రదీపం వెలిగింది. కూతురు టెస్సా బావురుమంది. "కొరీన్, నువ్వెళ్ళి మాట్లాడు. నువ్వైతే మెత్తగా మాట్లాడతావు" అన్నాడు వేడ్. ఆమె ఎండలో నిలబడి, వంతు వచ్చాక మెత్తగా మాట్లాడి, కొత్త టికెట్లు తెచ్చేసరికి తండ్రీ కూతురూ ఐస్‌క్రీం తిని మూతులు తుడుచుకుంటున్నారు. తర్వాత ఆఫీసులో ఆ కథను తనమీద తనే జోకులేసుకుంటూ చెప్పుకున్నాడు వేడ్. ఆ కథలో ఎండలో నిలబడ్డ మనిషి లేదు.

చెడ్డవాడు కాదు వేడ్. ఆ మాట ఆమె రోజూ తనకు తాను చెప్పుకుంటుంది. అంత తరచుగా చెప్పుకోవలసి రావడమే ఈ మధ్య ఆమెకు విసుగ్గా ఉంది.

ఎత్తు చాలని పిల్లలున్నవాళ్ళకు పార్కులో ఒక వెసులుబాటుంది. ఒకరు రైడు ఎక్కి దిగేదాకా రెండోవాళ్ళు పిల్లాడితో బయటుంటారు. ఆపైన మళ్ళీ వరుసలో నిలబడకుండా వంతు మార్చుకోవచ్చు. కిందటిసారి కొడుకు మైకా చంటివాడు. ప్రతి దగ్గరా ముందు వేడ్, టెస్సా ఎక్కేవారు. ఎర్రబడ్డ మొహాలతో, చెదిరిన జుట్టుతో దిగి వచ్చేవారు. కొరీన్ లేచి నిలబడేది. "అమ్మా, నాన్నతో ఇంకోసారి ఎక్కనా?" అనేది టెస్సా. "పోనీలే, అమ్మకెలాగూ కళ్ళు తిరుగుతాయి" అనేవాడు వేడ్. టెస్సా కడుపులో ఉండగా ఒక జాతరలో రంగులరాట్నం ఎక్కి ఆమె వాంతి చేసుకున్న మాట నిజమే. ఆ ఒక్క సాయంత్రంతో ఆమె జన్మంతా కళ్ళు తిరిగే మనిషి అయిపోయింది. పెళ్ళికి ముందు వేసవి సెలవుల్లో సరస్సు ఒడ్డు పార్కులో పనిచేసిందనీ, మూసే ముందు పనివాళ్ళకు వదిలే రోలర్ కోస్టర్ ఆఖరి రౌండులో ముందు సీటు కోసం పోట్లాడేదనీ ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. వాళ్ళు అడగలేదు, ఈమె చెప్పలేదు.

ఫోన్లో పాట ఆగింది. ఆ కంపెనీ పేరు మా జాబితాలో ఉంది, నిశ్చింతగా కొనుక్కోండి అన్నారు పార్కువాళ్ళు.

ఆదివారం భోజనాల దగ్గర, ఈసారి తనూ వస్తున్న అత్తగారు లోర్నా, "ఎన్ని కొంటున్నావమ్మా?" అని అడిగింది.

"అయిదండీ."

"అయిదెందుకే? నువ్వు సంచులు పట్టుకుని కూర్చుంటావుగా. బెంచీకి కూడా టికెట్టా!"

బల్ల చుట్టూ అందరూ గొల్లుమన్నారు. కొరీన్ కూడా నవ్వింది. నవ్వకపోతే ఉడుక్కుందంటారు. "సరే, నాది విడిగా కొనుక్కుంటాలెండి" అంది. మాంసం గిన్నె చేతులు మారుతున్న హడావుడిలో ఆ మాట ఎవరి చెవినా పడలేదు.

మర్నాడు ఆఫీసులో భోజన విరామంలో నాలుగు టికెట్లకు నాలుగు పేర్లూ కొట్టింది. తర్వాత అదే కంపెనీ దగ్గర, అదే రోజుకి, రోడ్డుకు అవతలున్న ఇంకో పార్కుకి ఒకటి. ఆకాశానికి నిచ్చెన వేసినట్టుండే రోలర్ కోస్టర్ ఉన్నది అక్కడే. దాని మీద తన పేరు కొట్టింది. తన జీతం, తన కార్డు, తన పేరు, అయినా దొంగతనం చేస్తున్నట్టే అనిపించింది. అలా అనిపించినందుకు ఏడుపొచ్చింది.

ఓర్లాండోలో, లోర్నా కుట్టించిన ఒకే రంగు చొక్కాల్లో, నలుగురూ గేటులో వేళ్ళు పెట్టారు. నాలుగుసార్లూ పచ్చదీపం. "చూశారా, చవగ్గా కొట్టేశాం!" అన్నాడు వేడ్. వెనక్కి తిరిగితే కొరీన్ ఇంకా బయటే ఉంది.

"నీదేది?"

"నాది ఈ పార్కుకి కాదు." కంచె మీదుగా సంచీ అందించింది. "మైకా మందు పక్క జేబులో ఉంది. సాయంత్రం ఇక్కడే కలుస్తాను."

"అదేంటి? మైకాని ఎవరు చూస్తారు?"

"విడిగా కొనుక్కుంటానని చెప్పాగా."

వేడ్ తల్లివైపు చూశాడు. లోర్నా కోడలివైపు చూసింది. కొడుకు చేతిలోని సంచీ లాక్కుంది.

"వెళ్ళవే" అంది. "బెంచీ ఎక్కడుంటుందో నాకు తెలుసు. నీకంటే ముందు దాన్ని అరగదీసింది నేనే."

రోడ్డు దాటేదాకా కొరీన్ వెనక్కి చూడలేదు. చూస్తే తిరిగి వెళ్ళిపోతానని ఆమెకు భయం. ఆ రోలర్ కోస్టర్ దగ్గర ఒంటరిగా వచ్చినవాళ్ళకు వేరే వరుస ఉంది. ముందు సీటు ఒకటి ఖాళీ అయింది. నెరిసిన జుట్టు ఉద్యోగిని చెయ్యూపి పిలిచింది.

"సంచులూ గట్రా ఉంటే ఆ గూట్లో పెట్టేయమ్మా."

కొరీన్ తన రెండు చేతులూ చూసుకుంది.

"ఏమీ లేవండీ" అంది.