వెయ్యికి ఎన్ని ఫ్రేములు

ఆఫీసులో అందరూ ఆయన్ని గీటురాయి అనేవారు. ఎదురుగా కాదు, చాటుగా. ఆ సంగతి ఆయనకు తెలుసు. తెలియనట్టే ఉంటూ లోలోపల మురిసిపోయేవాడు.

కంప్యూటర్ల మీద నెలకోసారి వచ్చే పత్రిక అది. ఇరవై రెండేళ్ళుగా అందులో ఆయన పని ఒక్కటే. మార్కెట్లోకి వచ్చిన ప్రతి గ్రాఫిక్స్ కార్డునూ తెప్పించి, బిగించి, ఊపిరాడనివ్వకుండా పనిచేయించి, అది దాని ధరకు తగినదో కాదో తేల్చడం. కార్డు తెరమీది బొమ్మను సెకనుకు ఎన్నిసార్లు కొత్తగా గీయగలదో చూస్తాడు. ఒక్కో బొమ్మను ఒక ఫ్రేము అంటారు. పన్నెండు రకాల పరీక్షల్లో వచ్చిన ఫ్రేములకు సగటు తీసి, ఆ సగటును ధరతో భాగిస్తాడు. వెయ్యి పెడితే ఎన్ని ఫ్రేములు వస్తాయో తేలుతుంది. ఎక్కువ వచ్చిన కార్డు పట్టికలో పైన, తక్కువ వచ్చినది కింద. అంతే.

ఫ్రేములు ఎవరైనా కొలుస్తారు. ధర దగ్గరే ఆయన పట్టుదలంతా. కంపెనీ వేదికెక్కి ప్రకటించిన ధరను ఆయన లెక్కలోకి తీసుకునేవాడు కాదు. "అది వాళ్ళలో వాళ్ళు చెప్పుకునే కబురు. షాపువాడు బిల్లు మీద రాసేదే ధర," అనేవాడు. అందుకని ప్రతి నెలా మొదటి శనివారం కంప్యూటర్ షాపుల వీధికి నడిచి వెళ్ళి, ఆ చివర నుంచి ఈ చివరకు పదకొండు షాపులు ఎక్కి దిగి, ధరలు అడిగి నోటుబుక్కులో రాసుకునేవాడు. మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాక కూడా ఒక్క నెలా మానలేదు. మిగతా పత్రికలవాళ్ళు కుర్చీలోంచి కదలకుండా కంపెనీ చెప్పిన అంకె దించుకుంటుంటే ఆయనకు ఒళ్ళు మండేది.

మూడేళ్ళ కిందట ఎడిటర్ ఆ పేజీకి పైన ఆయన ఫొటో వేయించాడు. చేతులు కట్టుకుని, నవ్వీ నవ్వనట్టు ఉన్న ఫొటో. భార్య ఆ పేజీని కత్తిరించి బీరువా తలుపుకు అంటించింది. "ఎందుకే ఇవన్నీ," అన్నాడే కానీ తీయమనలేదు.

ఆ ఏడాది ఎండలు ముదురుతున్నప్పుడు ఒక కొత్త కార్డు వచ్చింది. కంపెనీ ప్రకటించిన ధర ముప్పై రెండు వేలు. పరీక్షల్లో సగటున తొంభై ఆరు ఫ్రేములు ఇచ్చింది. ఆయన అలవాటుగా వీధికి వెళ్ళి అడిగాడు. పది షాపుల్లో ముప్పై రెండు వేలే అన్నారు, ఒక్కచోట ఇంకో అయిదు వందలు ఎక్కువ. ఆయనకే ఆశ్చర్యం వేసింది. కొత్త కార్డు ఎప్పుడూ ప్రకటించిన ధరకు దొరకదు, ఎంతో కొంత పైన పడుతుంది. ఈసారి కంపెనీ మాట మీద నిలబడిందని మెచ్చుకుంటూ రాశాడు. వెయ్యికి మూడు ఫ్రేములు. పద్నాలుగు కార్డుల పట్టికలో మొదటి స్థానం. వరసగా నాలుగు నెలలు దానికి అదే స్థానం.

ఉత్తరాలు రావడం రెండో నెల నుంచి మొదలైంది. మీరు రాసిన ధరకు ఎక్కడా దొరకడం లేదండీ అని. ఆయన ప్రతి ఉత్తరానికీ జవాబు రాశాడు. ఆ జవాబులన్నీ ఒక్క తీరే. నేను స్వయంగా పదకొండు షాపుల్లో అడిగాను, మీరు ఎక్కడ అడిగారో నాకు తెలియదు, సరిగ్గా అడిగితే దొరుకుతుంది అని.

వాళ్ళలో ఇంకా కట్టని ఇళ్ళకు కంప్యూటర్లో బొమ్మలు గీసిచ్చే ఒకావిడ ఉంది. ఆవిడ మూడుసార్లు రాసింది. పాత కార్డు ఫ్యాను ఆగిపోయిందట, తెర నిండా చారలు వస్తున్నాయట. ఆరు షాపులు తిరిగితే నలభై అయిదు, నలభై ఆరు అంటున్నారు, ఆగమంటారా, పాతరకం కార్డేదైనా కొనుక్కోమంటారా అని రెండో ఉత్తరంలో అడిగింది. ఆయన రాశాడు: "మొదటి స్థానంలో ఉన్నదాన్ని వదిలి కింది స్థానంలోది కొనడం తెలివైన పని కాదు. కొంచెం ఆగండి. ధర అడగడం కూడా ఒక విద్యే, మీకది వచ్చినట్టు లేదు." మూడో ఉత్తరానికి విసుగుపుట్టి జవాబే ఇవ్వలేదు.

అయిదో నెలలో మరదలు ఫోన్ చేసింది. భార్యకు చెల్లెలు, ఇంట్లోనే వీడియోలు ఎడిట్ చేస్తుంది. ఆ అమ్మాయికి ఎవరి ముందూ నోరు మూసుకుని ఉండటం చేతకాదు.

"బావగారూ, మీ పట్టిక పట్టుకుని మీ వీధికే వచ్చాను. ముప్పై రెండంటే షాపాయన పగలబడి నవ్వాడు. నలభై ఆరట!"

"ఏ షాపు?"

"నాలుగు షాపులయ్యాయి. అందరిదీ ఒకటే పాట."

"నువ్వు అడిగే తీరు చూసి చెప్పుంటారు. నేనొస్తున్నాను, అక్కడే ఉండు."

ఆయన ఆటో దిగేసరికి మరదలు వీధి మొదట్లో చెమటలు కక్కుతూ నిలబడి ఉంది. పద అని ఆయన ముందుకు అడుగు వేస్తే చెయ్యి పట్టుకుని ఆపింది.

"మీరు లోపలికి రాకండి. ఇక్కడే నిలబడి వినండి. ముందు నేను అడుగుతాను, తర్వాత మీరు అడుగుదురుగాని."

"ఇదేం పిల్లలాటే?"

"నా మాట వినండి బావా, ఒక్కసారి."

షాపు బయట ఖాళీ అట్టపెట్టెలు ఆయన ఎత్తున పేర్చి ఉన్నాయి. వాటి పక్కన నిలబడ్డాడు. లోపలి మాటలు స్పష్టంగా వినిపిస్తున్నాయి. నలభై ఆరు వేలు మేడమ్, ఇంకో వారం ఆగితే నలభై ఏడు అవుతుంది అంటున్నాడు సేల్స్‌మన్. మరదలు బయటికి వచ్చింది. ఆయన నోటుబుక్కు తీసి లోపలికి వెళ్ళాడు.

"రండి సార్, రండి! ముప్పై రెండే సార్. ఏం మార్పు లేదు," అన్నాడు అదే సేల్స్‌మన్, ఆయన నోరు తెరవకముందే.

పక్క షాపులోనూ అదే జరిగింది. ఆ పక్క షాపులోనూ. మూడో షాపు మెట్లు దిగి ఆయన ఏమీ రాయకుండానే నోటుబుక్కు జేబులో పెట్టుకున్నాడు. మరదలు ఎత్తిపొడుపు మాటేదో అనబోయి, ఆయన్ని చూసి ఊరుకుంది.

"నువ్వు ఇంటికి వెళ్ళమ్మా," అన్నాడు. "నాకిక్కడ ఇంకొకరితో పనుంది."

వీధి మలుపులో ఉన్న షాపు యజమాని ఆయనకు పన్నెండేళ్ళ స్నేహితుడు. వీధికి వచ్చిన ప్రతి శనివారం ఆ షాపులోనే కాసేపు కాళ్ళు చాపుకునేవాడు. ఆయన రాగానే యజమాని అలవాటుగా స్టూలు జరిపాడు. ఆయన కూర్చోలేదు.

"ఆ కార్డు మీరు ఎంతకి అమ్ముతున్నారు?"

"ముప్పై రెండు…"

"మామూలు మనుషులకి."

యజమాని కౌంటరు మీదున్న బిల్లుల కట్ట ఆయనవైపు తోశాడు. నలభై ఆరు. నలభై అయిదున్నర. నలభై ఆరు.

"నాకు అబద్ధం చెప్పారన్నమాట."

"అబద్ధం కాదు మాస్టారూ. మీరు కొంటానంటే ముప్పై రెండుకే ఇచ్చేవాణ్ణి, చేతినుంచి పడినా సరే. ఈ వీధిలో ఎవరైనా ఇస్తారు. మీరెప్పుడు కొన్నారు? అడుగుతారు, రాసుకుంటారు, వెళ్ళిపోతారు." ఆయన కళ్ళలోకి చూడలేక గుడ్డతో కౌంటరు తుడవసాగాడు. "మీ పట్టికలో పైనున్న కార్డు కోసమే జనం వస్తారు. వచ్చినవాడు ధర ఎక్కువని ఉత్త చేతులతో పోడు కదా. తిట్టుకుంటూనే కొనుక్కుపోతాడు. నలభై ఆరని మీకు చెబితే అది తొమ్మిదో స్థానంలోకి పోతుంది. సరుకంతా మా నెత్తిన ఉంటుంది."

"ఈ ఒక్క కార్డేనా?"

"అన్నిటికీ అంతే మాస్టారూ. కాకపోతే ఇంత తేడా ఎప్పుడూ లేదు."

"ఎప్పట్నుంచి?"

"మీ ఫొటో వేశారు చూడండి, అప్పట్నుంచి. అంతకుముందు మీరెవరో ఈ వీధిలో నాకొక్కడికే తెలుసు. ఫొటో వచ్చాక అందరూ గుర్తుపట్టారు. నేనైనా చెప్పాల్సింది. చెబితే ఈ వీధిలో నన్ను బతకనిచ్చేవాళ్ళు కాదు."

మూడేళ్ళు. ముప్పై ఆరు పట్టికలు. ఆయన షాపు మెట్ల మీదకి వచ్చి నిలబడిపోయాడు. ఎవరో తప్పుకోమంటే తప్పుకున్నాడు.

ఇంటికి వచ్చి అన్నం వద్దన్నాడు. ఉత్తరాల ఫైలు దింపి, తన జవాబులన్నీ వరసగా పెట్టుకుని చదివాడు. ముప్పై ఒక్కమంది. ప్రతి జవాబులోనూ తన మాట తనకే చెంపదెబ్బలా తగిలింది. కాగితం మీద లెక్క మళ్ళీ కట్టాడు. తొంభై ఆరు ఫ్రేములు, నలభై ఆరు వేలు. వెయ్యికి రెండుకు పిసరంత ఎక్కువ. ఇరవై ఎనిమిది వేలకు డెబ్భై ఫ్రేములిచ్చే పాతరకం కార్డుకు రెండున్నర వస్తోంది. ఆ ధరయినా మరదలి చేత షాపులకు ఫోన్ చేయించి రూఢి చేసుకున్నాడు, అది మాత్రం రాసిన ధరకే దొరుకుతోంది. ఇళ్ళ బొమ్మల ఆవిడ కొంటానన్నది అలాంటిదే. వద్దన్నది తను.

మర్నాడు ఉత్తరంలో ఉన్న నంబరుకు ఫోన్ చేశాడు. తనెవరో చెప్పుకున్నాడు.

"ఓ, మీరా," అంది ఆవిడ.

"ఆ కార్డు విషయమండీ. నేను రాసిన ధర తప్పు. మీరు విన్నదే నిజం. కొన్నారా?"

"లేదండీ. ఆగమన్నారుగా, ఆగాను." ఆవిడ గొంతులో కోపం లేదు. పక్కన ఎవరో టైపు చేస్తున్న చప్పుడు వినిపిస్తోంది. "పాత కార్డు పూర్తిగా పోయింది. చేతిలో రెండు ఇళ్ళ పని ఉండేది, వాళ్ళు కొన్నాళ్ళు చూసి వేరేవాళ్ళకి ఇచ్చేసుకున్నారు. ఈ పని కోసమే మేడ మీద గది తీసుకున్నాను, అది ఖాళీ చేశాను. ఇప్పుడొక ఆఫీసులో చేస్తున్నానండీ. కార్డు బాధ లేదు, అన్నీ వాళ్ళవే."

"తప్పంతా నాదేనమ్మా."

"మీకు చెప్పిందే మీరు రాశారు. అందుకు మిమ్మల్ని ఏమనను? కాకపోతే నాకు అడగడం రాదన్నారు చూడండి. అది మాత్రం మనసులో ఉండిపోయింది. ఇప్పుడు ఏ షాపుకి వెళ్ళినా నోరు పెగలట్లేదు. మా ఆయన్నే పంపిస్తున్నాను."

పిలుస్తున్నారండీ అని ఆవిడ ఫోన్ పెట్టేసింది.

సోమవారం ఎడిటర్ గదిలోకి వెళ్ళి జరిగిందంతా చెప్పి, ఒక పూర్తి పేజీ కావాలన్నాడు. ఎడిటర్ ఆయనకంటే పదిహేనేళ్ళు చిన్న. ఆయన దగ్గరే పని నేర్చుకున్నవాడు.

"గురువుగారూ, మూడేళ్ళ పట్టికలు తప్పని మనమే చాటింపు వేసుకుందామా? ఎవరికీ తెలియదు కదా."

"నాకు తెలుసుగా."

"మీరు కావాలని చేసింది కాదు. వచ్చే నెల నుంచి సరిగ్గా రాద్దాం, సరిపోతుంది."

"కొనుక్కున్నవాళ్ళకి?"

"వాళ్ళు ఈపాటికి మర్చిపోయి ఉంటారండీ."

చివరికి అరవై మూడో పేజీలో, కరెక్షన్ల కింద, ఆరు లైన్లు వచ్చాయి. కొన్ని అనివార్య కారణాల వల్ల కొన్ని ధరల్లో స్వల్ప తేడాలు వచ్చి ఉండవచ్చని. ఆ లైన్లు ఆయన రాసినవి కావు. పేజీ మీది ఫొటో తీసేయమంటే మాత్రం ఎడిటర్ మారుమాట లేకుండా తీసేయించాడు.

మరదలు, ఆమె స్నేహితురాళ్ళు ఇద్దరు ధరలు అడిగి పెడతామన్నారు. ఒక నెల అడిగారు కూడా. ఆ పట్టిక అచ్చు కాలేదు. దానికి బదులు ఆ నెల నుంచి కంపెనీలు ప్రకటించిన ధరలతోనే పట్టిక వేయాలని పైనుంచి మాట వచ్చింది. "ఇందులో మనకి ఏ పూచీ ఉండదు, గొడవే లేదు," అన్నాడు ఎడిటర్. పట్టిక చక్కగా తయారైంది. అది తప్పని ఎవరూ ఉత్తరం రాయలేదు. అసలు దాని గురించి ఉత్తరాలే రాలేదు. ఆయన ఫ్రేములు కొలిచి ఇచ్చేవాడు, మిగతాది ఇంకెవరో నింపుకునేవారు. ఆఫీసులో గీటురాయి అనడం కూడా మెల్లగా మానేశారు. పేరు పెట్టి పిలుస్తుంటే మొదట్లో ఆయన ఉలిక్కిపడేవాడు.

ఇంట్లో కూర్చుని ఆ ముప్పై ఒక్కమందికీ తిరిగి ఉత్తరాలు రాశాడు. ఒక్కొక్కరికీ విడిగా, చేత్తో. మీరు చెప్పిందే నిజం, నేను రాసింది తప్పు, మిమ్మల్ని అలా అనాల్సింది కాదు అని. ఏడు ఉత్తరాలు చిరునామా మారిందని వెనక్కి వచ్చాయి. తొమ్మిదిమంది జవాబిచ్చారు. ఒకరు తిట్టారు. ఇద్దరు ఆ కార్డు బాగానే ఉందండీ, పర్వాలేదని రాశారు. అది ఆయనకు తిట్టుకంటే ఎక్కువ బాధ కలిగించింది. ఇంకొకరు, బడిలో లెక్కలు చెప్పే మాస్టారట, జరిగిందేదో జరిగింది, ఇప్పుడు కొనాలంటే ఏది మంచిదో చెప్పమని అడిగారు.

ఆయన రాశాడు: "ధరలు నాకు తెలియవండీ. మీరే నాలుగు షాపుల్లో అడిగి, ఏ షాపులో ఎంత చెప్పారో రాయండి. లెక్క నేను కట్టి పెడతాను."

పన్నెండు రోజులకు జవాబు వచ్చింది. రూళ్ళ కాగితం మీద, గుండ్రటి అక్షరాలతో, నాలుగు షాపులు, ఒక్కోదాంట్లో అయిదు కార్డుల ధరలు. ఆయన కళ్ళజోడు పెట్టుకుని మధ్యాహ్నమంతా లెక్క కట్టాడు, రెండుసార్లు సరిచూశాడు. పాతరకం కార్డు కూడా ఈలోగా ముప్పై ఏడుకు ఎక్కింది. అయిదింటిలో ఏ ఒక్కటీ పెట్టే ధరకు తగ్గది కాదని తేలింది. ఆ మాటే రాసి, కవరు అంటించి, భార్య వద్దంటున్నా వినకుండా తనే తీసుకెళ్ళి పోస్టులో వేసి వచ్చాడు.